జోడు విడని మలారము

ఒంటిగా అమ్ముడుపోవు వస్తువును అంగడిలో వ్రేలాడదీయుటకు గోడకొక మేకు చాలును. సంచియైనను, గొడుగైనను, చొక్కాయైనను ఒక కొక్కెమునకు తగిలించినచో అంగడివాని పని తీరినట్లే. కాని జోడుగా తయారై, జోడుగా ధరింపబడి, జోడుగానే వెలకట్టబడు వస్తువుల సంగతి వేరు. గాజులు, కమ్మలు, కాలిపట్టీలు, మెట్టెలు, చెప్పులు, మేజోళ్లు, వీనిలో నేదియైనను జతలో ఒకటి తప్పిపోయినచో మిగిలిన దానికి సగము వెలయైనను రాదు. పోనిమ్మని రెండింటిని గట్టిగా ముడివేసి వ్రేలాడదీసినచో, కొనవచ్చిన యిల్లాలు ఒకదానిని తొడిగి చూచుకొనుటకు వీలుండదు. తొడిగి చూడక గాజు కొను స్త్రీ యుండునని నేను నమ్మను. కావున జోడువస్తువును తగిలించు సాధనము పరస్పరవిరుద్ధములైన రెండు ధర్మములను ఒక్కసారిగా నిర్వర్తింపవలసియున్నది. జత తనంతట తాను విడిపోరాదు. అడిగిన క్షణమున విడివడి చేతికి రావలెను. నేటి ప్లాస్టిక్ కొక్కెముల రూపశిల్పులు తలబద్దలు కొట్టుకొనుచున్న ఈ సమస్యను, మన ఊళ్లలో గాజుల సెట్టి నూలుత్రాడు తప్ప వేరొక పరికరము లేకయే పరిష్కరించుకొనినాడు. దానినే మలారమందురు.

మలారమును చూడని నేటి తరమువారికి దాని కూర్పును కొంత నిదానముగా చెప్పవలసియున్నది. గట్టిగా పురిపెట్టిన త్రాటికి గాజులను ఒకదానిప్రక్క నొకటిగా, నడుమ వ్రేలుపట్టు సందైనను లేకుండ గ్రుచ్చి, కొసను జారుముడితో బిగింతురు. ఒక త్రాటికి ఒకే రంగు, ఒకే కొలత. ఆకుపచ్చవి యొక సరము, ఎఱ్ఱనివి యొక సరము, పసిపిల్లల చిట్టిగాజులు వేరొక సరము. ఇట్టి సరములు పెక్కింటిని కొసలొద్ద కలిపి కట్టి, సగము రొమ్ముపైకి, సగము వీపుపైకి వ్రేలాడునట్లు భుజమున వేసికొని గాజులవాడు ఊరూర తిరుగును. బరువు ముందువెనుకలకు సమానముగా పంచబడుటచే నడక తడబడదు, చేతులు రెండును ఖాళీగా నుండును. భుజముపై త్రాడు వంగిన చోట గాజుల లోపలి అంచులు దగ్గరపడి వెలుపలి అంచులు విసనకఱ్ఱవలె విచ్చుకొనుటవలన, మూటవిప్పకయే రంగులన్నియు వీధిలోనివారి కంటబడును. ప్రదర్శనకై ప్రత్యేకముగా చేసిన యేర్పాటు గాదది. మోయుటకు అనువైన వంపే చూపుటకును అనువైనది.

ఇంత బిగువుగా గ్రుచ్చిన గాజులు పగులవా యను సందేహము సహజము. గాజు ఒత్తిడిని చాలవరకు ఓర్చుకొనును, ఓర్వలేనిది దెబ్బను. సరములో సందున్నచో అడుగడుగునకు గాజు గాజును తాకి అంచులు చిట్లును. సందు లేనప్పుడు సరమంతయు ఒకే గొట్టమువలె కదలును గాని లోన ఒకదానినొకటి కొట్టుకొనవు. అందుచేతనే అనుభవజ్ఞుడైన సెట్టి నాలుగు గాజులు అమ్ముడుపోగానే ముడిని పైకి జరిపి, ఏర్పడిన సందును వెంటనే పూడ్చును. ఈ చిన్న పని మఱచినవాని సరకు సాయంకాలమునకు సగము పెంకులగును. అమ్ముడుపోయిన కొలది తనంతట తాను కుదించుకొను కొక్కెమును నేటి అంగళ్లలో నేనెచ్చటను చూచియుండలేదు. ఖాళీయైన మేకులు, వంకరగా వ్రేలాడు చివరి జతలు, ఇవియే చూచుచుందుము.

మలారమునకు ఒక లోపము కలదు. త్రాటికి గ్రుచ్చిన వస్తువును కొసనుండియే తీయవలెను. నడుమనున్నది కావలెనన్నచో పైవన్నియు దింపవలసివచ్చును. రంగునకొక సరము, కొలతకొక సరము ఏర్పరచుటలోని రహస్య మిదియే. ఒక సరములోని గాజులన్నియు ఒకే తీరుగా నున్నప్పుడు నడుమనున్నది కావలెనని ఎవ్వరును అడుగరు. కొసనున్నదే నడుమనున్నదానికి సమానము. దీనివలన మరియొక మేలు కలిగినది. అచ్చుపోసినట్లున్న గాజులలో కుడిచేతిది, ఎడమచేతిది యను భేదము లేదు. ఏ రెండింటిని తీసినను జోడే. కావున గాజులవాడు జోళ్లను ముందుగా కట్టిపెట్టుకొనడు. అరుగుమీద కూర్చుండి, "చెయ్యి వదులుగా పెట్టు తల్లీ" అని, బొటనవ్రేలి మొదలును మెల్లగా లోనికి నొక్కి, ఆ యొత్తులోనే కొలతను గ్రహించి, తగిన సరము ముడి విప్పి, ఒక చేతికి తొడిగిన యన్ని గాజులను రెండవ చేతికిని లెక్కించి తొడుగును. జోడు సరములో పుట్టినది గాదు, అరుగుమీద పుట్టినది.

రెండు చేతులకును సమానముగా తొడుగుటయే సనాతనమని ఎవరైన వాదించినచో మొహెంజొదారో నర్తకిని చూపవచ్చును. 1926లో బయల్పడిన ఆ జానెడైన లేని కంచుబొమ్మ ఎడమచేయి భుజమువరకును ఇరువదిపైచిలుకు గాజులతో నిండియుండగా, కుడిచేతికి ఉన్నవి నాలుగే. ఆమెకు గాజులమ్మినవానికి జోడు తిప్పలు లేవు, అదృష్టవంతుడు!

కొలతల విషయము పైన వచ్చినది గనుక దానినిచటనే ముగింతును. గాజుల అంగడిలో రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది, రెండు-పది అని చెప్పుకొనుట అందఱు వినినదే. ఆ రెండవ అంకె అంగుళములో పదునారవ వంతులను తెలుపును. అనగా రెండు-నాలుగు గాజు లోపలి అడ్డకొలత రెండుంబావు అంగుళములు, సుమారు 57 మిల్లీమీటర్లు. రెండు-ఎనిమిది గాజుది రెండున్నర అంగుళములు, సుమారు 63.5 మిల్లీమీటర్లు. అణాల లెక్క 1957లో పోయినను పదునారవ వంతుల లెక్క ఈ అంగడిలో చెక్కుచెదరలేదు. తంటా అంతయు దానిని అట్టపెట్టెపై అచ్చువేయుటలో నున్నది. 2.10 అని చుక్కపెట్టి వ్రాసినచో బడిలో దశాంశములు నేర్చిన పిల్ల అది 2.8 కంటె చిన్నదని యెంచి కొనును. ఇంటికిపోయి తొడిగినప్పుడు గాజు మోచేతివరకు జారును. చుక్కకు బదులు గీత పెట్టినచో ఈ పొరపాటు చాలవరకు తప్పును. మలారమునకు ఈ బాధ లేదు, అందులో కొలతను చదువువాడు సెట్టియే గాని చీటీ గాదు.

వీధినుండి అంగడికి వత్తము. హైదరాబాదులో 1591నాటి చార్మినారునకు పడమటగా సాగు లాడ్‌బజారు గాజులకు ప్రసిద్ధము. అచటి దుకాణములలో గాజును నిలుపు పద్ధతులు ముఖ్యముగా రెండు. గోడనుండి ముందుకు చాచిన సన్నని కడ్డీలు ఒకటి; మఖమలు గుడ్డ చుట్టిన లావుపాటి దండములు రెండవది. సన్నని కడ్డీకి తగిలించిన గాజు ఒక్క బిందువున ఆని వ్రేలాడును. తీయుట, పెట్టుట సుళువు. కాని గాలికి ఊగును, ప్రక్కదానిని తాకును, ముఖము సరిగా కనబడదు. కడ్డీ కొసను కొంచెము పైకెత్తనిచో జారిపడుటయు కలదు. మఖమలు దండముపై గాజు చేతికి తొడిగినట్లే నిలుచును, చెక్కడపు పనితనమంతయు చూపఱకు తెలియును. అయితే దండము లావెంత యుండవలెను? రెండు-ఎనిమిది గాజునకు సరిపోవు లావుచేసినచో దానిపై రెండు-నాలుగు ఎక్కదు. చిన్నగాజునకు తగినట్లు సన్నముచేసినచో పెద్దగాజు తలవాల్చును. తెలివైన వర్తకుడు చిన్నకొలతకే దండము చేయించి, పైన మఖమలు క్రింద దూదిని దళముగా పెట్టించును. దూది అణగి చిన్నదానికి చోటిచ్చును, ఉబ్బి పెద్దదానిని పట్టుకొనును. మానవహస్తమును అనుకరించుటలో ఇంతకుమించిన యుపాయము నాకు తోచుట లేదు.

లాడ్‌బజారు ప్రత్యేకత లక్కగాజులు. ఇచటనే జోడు సమస్య తన నిజరూపమును చూపును. బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తబఱచి, రంగు కలిపి, సన్నని కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి అతికి, కొయ్యమూసపై కొలతసరిచూచి, వేడి ఆరకముందే అద్దపుబిళ్లలను, రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుదురు. ఇది చేతిపని. ఒక గాజున రాళ్లవరుస వెండ్రుకవాసి ప్రక్కకు జరుగును, వేఱొకదాని రంగు లేశము ముదురును. కుంపటియొద్ద ఒకరి చేతిమీదుగా ఒకేసారి తయారైన రెండే నిజమైన జోడు. ఇతర జతలోనిది తెచ్చి కలిపినచో చూచువారికి తెలియకపోవచ్చును గాని, తొడుగుకొన్న యిల్లాలికి నాలుగుదినములలో తెలియును. పైగా ఇందు ఒక చేతి సెట్టునకు ఒక క్రమమున్నది: రెండుకొసల వెడల్పైన కడియములు, నడుమ సన్నని గాజులు. కావున ఒక జోడనగా రెండు గాజులు గావు. వరుస తప్పరాని రెండు దొంతరలు. అద్దపుగాజునకు ఏ రెండైనను జోడగుటచే మలారము పనికివచ్చినది. లక్కగాజునకు జోడు శిల్పికడనే నిర్ణయమైపోవుటచే సరము పనికిరాదు. ప్రతి జతకును దాని స్థానము దానికుండవలెను. ఈ భేదమును గమనింపక అన్నింటిని ఒకే కడ్డీకి ఎక్కించు అంగడిలో దినాంతమున జతలు సరిచూచుటకే ఒక మనిషి కావలసివచ్చును.

అందులకు చేయదగినది కష్టమేమియు గాదు. రెండు దొంతరలను ఒకే మఖమలు దండముపై, నడుమ ఒక అంగుళము ఎడముతో నిలిపి, ఒక్కొక్క దొంతరను వదులైన పట్టుదారముతో చుట్టి, రెంటికిని కలిపి ఒక చీటీ కట్టవలెను. ఒక దొంతరను తీసి తొడిగినను రెండవది దండముపై నిలిచియుండి, ఖాళీయైన చోటు "నా జత యేది?" అని అడుగుచుండును. ఆ ఖాళీయే కాపలాదారు. వేడిమికి మెత్తబడుట లక్క స్వభావము గనుక వానిని తీక్షణమైన దీపముల చెంతను, ఎండపడు గాజుబీరువాలోను ఉంచరాదు. రాళ్లు మెఱయవలెనను ఆశతో దీపము దగ్గఱకు తెచ్చిన వర్తకుడు ఆకృతిని పోగొట్టుకొనును.

తక్కిన జోళ్లను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. కమ్మలకు రెండు రంధ్రముల అట్టముక్క చాలును. అద్దమున చూచుకొను ఎడమే రంధ్రముల నడుమనుండినచో అందము. కాలిపట్టీలను కంసాలులు దారముతో ముడివేసి, తూకము చీటీ తగిలింతురు. పట్టీల జోడు తూకమునకు అమ్ముడుపోవును గనుక ముడి విప్పినచో లెక్క తప్పును. చెప్పుల అంగడివానిది అన్నింటికంటె వింత యుపాయము. ఒంటికాలి చెప్పునే బయటబెట్టి, రెండవదానిని పెట్టెలో దాచును. ఒంటిచెప్పును దొంగిలించువాడుండడు, వచ్చిన గిరాకి జత అడుగక తప్పదు. జోడును విడదీయుటచేతనే జోడును కాపాడుట! చెప్పులలో కుడి యెడమలు స్థిరమైనవి గనుక ఈ యుక్తి పాఱినది. అద్దపుగాజుల విషయమున పాఱదు.

నేడు మనమెఱిగిన తీగకొక్కెము 1903లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రమున జాక్సన్ పట్టణమందు పుట్టినదనియు, తీగసామానుల కర్మాగారములో పనిచేయు ఆల్బర్ట్ పార్క్‌హౌస్ అనువాడు కోటు తగిలించుటకు చోటు దొరకక తీగముక్కను వంచి చేసెననియు చెప్పుకొందురు. తదుపరి దానికి పట్టుక్లిప్పులు చేర్చి, కోటుక్రింద లాగును వ్రేలాడదీయు జంటకొక్కెములు వచ్చినవి. ప్రశంసింపదగినవే. కాని కోటును లాగును చూడగనే వేఱని తెలియును, కలసిపోవు భయము లేదు. ఒకే పోలికగల రెండింటిని కలసిపోకుండ, విడిపోకుండ, తొడిగి చూచుటకు అడ్డురాకుండ నిలుపుట అంతకంటె కఠినతరము. ఈ విషయమున మలారమునకే నేను పైచేయి నిత్తును. దానికి అచ్చులేదు, మరలేదు, విఱిగినచో పాఱవేయవలసిన భాగమేదియు లేదు. త్రాడు పాతబడినచో క్రొత్త త్రాడు.

భుజముపై మలారముతో వీధిలో తిరుగు గాజులవారు నేడు అరుదైనారు. సంతలలోను, జాతరలలోను ఇంకను కనబడుచుందురు గాని, వారి కొడుకులు దుకాణములో కడ్డీలకు అట్టపెట్టెలు తగిలించుచున్నారు. అది తప్పని నేననను. ఎండలో ఊరూర తిరుగు బ్రతుకును దూరమునుండి కీర్తించుట సులభము. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానితో వీనికై క్రొత్త పెట్టెలు, క్రొత్త కొక్కెములు రూపొందించు యువశిల్పులు బయలుదేరుట నిశ్చయము. వారికి నా మనవి యొక్కటే. కాగితముపై గీతలు గీయుటకు ముందు ఒక పండుగపూట లాడ్‌బజారులో నిలిచి, కొనువారి చేతులు ఏ జతను ఎట్లు తీయుచున్నవో, తీసినదానిని ఎక్కడ మఱచిపోవుచున్నవో చూచి రండు. అటుపిమ్మట కొలతను గీతతోనే వ్రాయుడు.