ఉప్పెన తర్వాత ఉప్పు

దివిసీమలో వయసులు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. "ఉప్పెనప్పటికి నాకు పెళ్లయి ఏడాది", "ఉప్పెనకి వాడింకా చంటిపిల్లాడు", ఇలా. నాగాయలంకలో మా అమ్మమ్మ 1977 నవంబర్ 19 అని ఎప్పుడూ అనలేదు. "ఆ శనివారం" అనేది, అంతే. నేను పుట్టింది గుడివాడలో, ఉప్పెనకి చాలా తర్వాత. నా దాకా ఆ ఉప్పెన రెండు దారుల్లో వచ్చింది. ఒకటి అమ్మమ్మ మాటల్లోంచి, రెండోది నగ్నముని 'కొయ్యగుర్రం'లోంచి.

నగ్నముని ఎవరో ఈ తరానికి ఒకసారి గుర్తుచెయ్యాలేమో. 1965లో హైదరాబాదులో ఓ అర్ధరాత్రి, రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేతుల మీదుగా తమ మొదటి సంపుటిని విడుదల చేసుకున్న ఆరుగురు దిగంబర కవుల్లో ఆయనొకరు. కవిత్వం మర్యాదస్తుల వ్యవహారం కాదని గట్టిగా అరిచి చెప్పిన మనిషి. అలాంటి కవి దివిసీమ ఉప్పెన మీద రాసిన దీర్ఘకవిత 'కొయ్యగుర్రం'.

ఆ కవిత చేసిన పెద్ద పని ఏమిటి? నా దృష్టిలో, 'ప్రకృతి వైపరీత్యం' అనే మాటని అనుమానించడం నేర్పింది. ఆ మాట చాలా సుఖమైన మాట. అందులో దోషి ఉండడు. గాలి వచ్చింది, సముద్రం పొంగింది, పది వేల మంది దాకా పోయారు, ఏం చేస్తాం! కానీ ఎవరు పోయారు? సముద్రం అంచున తాటాకు గుడిసెల్లో ఉన్నవాళ్లు. ఎక్కడానికి మేడ లేనివాళ్లు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పైగా సముద్రం ముందే చెప్పలేదా అంటే, చెప్పింది. 1864 నవంబర్ 1న బందరు మీద పడిన ఉప్పెన సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. 113 ఏళ్లు గడిచాక అదే తీరంలో జనం అలాగే కొట్టుకుపోయారంటే, దాన్ని విధి అనడానికి నోరెలా వస్తుంది? ఎంత అదిలించినా కదలని కొయ్యగుర్రం మన వ్యవస్థే అన్నది ఆ శీర్షికలోనే ఉంది. కన్నీళ్లతో ఆగిపోయే స్మృతిగీతాన్ని నిలదీసే కవితగా మార్చాడు నగ్నముని.

ఇరవయ్యేళ్ల వయసులో, హైదరాబాదు హాస్టల్ గదిలో చదివినప్పుడు నాకు ఆ గుర్రం ఎవరో స్పష్టంగా తెలుసు. ప్రభుత్వం, అధికారి, నోరు మెదపని మేధావి. నేను మాత్రం కాదు.

పోయిన వేసవిలో నాగాయలంక వెళ్లినప్పుడు ఆ పుస్తకం సంచీలో ఉంది. రాత్రి మా మావయ్య రొయ్యల చెరువు గట్టున మంచం వేసుకుని పడుకున్నాను. ఏరియేటర్లు తెల్లారేదాకా నీళ్లని కొడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. నా ఇంజినీరింగు ఫీజులు ఆ చెరువులోంచే వచ్చాయి. 'కొయ్యగుర్రం' కొన్న డబ్బులు కూడా, నిజం చెప్పాలంటే, అందులోవే. గట్టుకి అవతల ఒకప్పుడు వరి పండిన చేను, ఇప్పుడు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. మావయ్య చెడ్డవాడేం కాదు. వరిలో అప్పులపాలై చెరువు తవ్వాడు. పక్కవాడి చెరువు ఉప్పు తన చేలోకి ఊరాకే తనూ తవ్వాడు. అప్పుడు మొదటిసారి ఆ కవిత నన్ను ఇబ్బంది పెట్టింది. ఇక్కడ గుర్రం ఎవరు?

1977 ఉప్పెన ఒక్క రోజులో వచ్చింది. ఇప్పటి ఉప్పెనకి తేదీ లేదు. ఎగువన డ్యాములు పెరిగేకొద్దీ ప్రకాశం బ్యారేజీ దిగువకి వచ్చే నీళ్లు తగ్గాయి. నది తోసుకురాకపోతే సముద్రం లోపలికి వస్తుంది, భూగర్భంలోనూ ఏటి పాయల్లోనూ. అలని నెమ్మదింపజేసి, ఒండ్రుని పట్టి ఉంచే మడ అడవి చాలాచోట్ల పలచబడింది. మా గుడివాడ వైపు కథ ఇంకోటి. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచినప్పుడు గానీ, నీటికీ ఓ దారి కావాలన్న సంగతి మనకి గుర్తురాలేదు. తేదీ ఉన్న చావుకి స్మృతిగీతం ఉంటుంది. తేదీ లేనిదానికి ఎవరు రాస్తారు?

ఇక్కడే మన కవిత్వ సంప్రదాయంతో నాకో పేచీ. ప్రకృతిని భావకవులు వెన్నెల్లో తడిపేశారు. తర్వాత వచ్చిన అభ్యుదయ, విప్లవ కవిత్వం ఆ వెన్నెలతో పాటు మట్టినీ నీటినీ కూడా చాలామటుకు పక్కన పెట్టేసింది. చెట్టు గురించి రాయడం పలాయనం అనిపించుకున్న కాలం అది. 'కొయ్యగుర్రం' చూపు కూడా మనుషుల మీద, వాళ్లని గాలికొదిలేసిన వ్యవస్థ మీద నిలుస్తుంది. ఆనాటికి అదే న్యాయం. శవాలు లేవకముందు మడ చెట్ల పేర్లు అడగలేం కదా. కానీ ప్రకృతి వెనక సమాజాన్ని చూపించిన ఆ కవిత తర్వాత, సమాజం కింద ఉన్న నేలని చూపించే కవిత రావలసి ఉంది.

ఇంకో డెల్టాలో కెన్ సారో-వీవా ఆ పని చేశాడు. నైజర్ డెల్టాలో చమురు తన ఒగోని జనాన్నీ, వాళ్ల చేలనీ ఏటినీ కలిపే చంపుతోందని రాశాడు, ఉద్యమించాడు. 1995 నవంబర్ 10న నైజీరియా సైనిక ప్రభుత్వం ఆయన్ని ఉరితీసింది. అయితే ఆయన ముందు చమురు కంపెనీ ఉంది, దాని వెనక సైన్యం ఉంది. మన దగ్గర మావయ్య ఉన్నాడు. కోపం మీద బతికిన కవిత్వం మావయ్య గురించి ఎలా రాస్తుంది?

జవాబు నాకు పెడనలో కొంత దొరికినట్టు అనిపించింది. బందరు పక్కనే కదా అని కలంకారీ అద్దకం చూద్దామని వెళ్లాను. కరక్కాయ, పటిక, చెక్క అచ్చులు, అన్నీ మనిషి చేతిలోవే. కానీ గుడ్డని పారే నీటిలో జాడించాలి. నీళ్లు మంచివి కాకపోతే రంగు తేలదు. పనితనంలో సగమే మాది, మిగతా సగం కాలవ చేతిలో ఉంటుందని ఓ పెద్దాయన మామూలుగా చెప్పి, తన పనిలో పడిపోయాడు. సృజన అంటే మన లోపలినుంచి పుట్టేదని అనుకుంటాం. ఆయనకి అది కాలవతో పొత్తు వ్యవసాయం. ఆ పొత్తులో తన వాటా తప్పు కూడా లెక్కలోకి వస్తుంది. ఇప్పటి కవికి కావలసింది ఆ లెక్క అనుకుంటాను. వేలెత్తి చూపడం మానక్కర్లేదు, ఆ వేలికున్న ఉప్పు కూడా చూసుకోవాలి.

కొత్తగా చదివేవాళ్లకి 'కొయ్యగుర్రం' చదవమనే చెబుతాను. వీలైతే దివిసీమలో, ఏదో ఒక చెరువు గట్టున కూర్చుని చదవమని చెబుతాను.

తిరిగొచ్చే రోజు బస్టాండు దాకా మావయ్య కూతురు వచ్చింది. దారిలో కొట్టు దగ్గర ఆగి మంచినీళ్ల క్యాను మోపెడ్ ముందు పెట్టుకుంటూ, "బోరు ఉప్పు కాకముందు నేను మూడో క్లాసు బావా" అంది. అమ్మమ్మ లెక్కలాగే ఉంది. ఉప్పెన మాత్రం మారింది.