నెయ్యి రాసుకున్న కోడలు

వేసవిలో ఓ పెళ్లికని మా యర్రగొండపాలెం వెళ్లాను. పెళ్లయింది, భోజనాలయ్యాయి, మగవాళ్లు అరుగుల మీదికీ ఆడవాళ్లం డాబా మీదికీ చేరాం. చాపల మీద వరసగా పడుకున్నామన్న మాటేగానీ నల్లమల వైపు నుంచి ఆకు కదిలేంత గాలి కూడా లేదు. ఒక్కొక్కరే కబుర్లాపి నిద్రలోకి జారుకున్నాక, నాకు వరసకి వదినయ్యే ఆవిడ మెల్లగా నా పక్కకి జరిగింది.

"వదినా, నువ్వు నవలలు రాస్తావు గదా! ఒకటడుగుతా. నవ్వగూడదు, ఎవురికీ చెప్పబాక" అంది.

నవ్వనన్నాను.

ఆవిడకి పెళ్లయి ఇరవయ్యేళ్లు. నెలనెలా ఆ మూడు రోజులూ నడుం విరిగినంత పనవుతుందిట. అత్తగారున్నన్నాళ్లూ వెనక వసారాలో చాప, చెంబు, కంచం విడిగా ఉండేవి. ఆవిడ పోయాక వసారా తప్పింది, నొప్పి మాత్రం తప్పలేదు. ఓ రాత్రి నొప్పికి ఓర్చుకోలేక మూలుగుతుంటే ఆయన లేచి నీళ్లు కాచి, సీసాలో పోసి, గుడ్డ చుట్టి నడుముకి ఆనించాడు. నడుం పట్టాడు. పక్కనే పడుకున్నాడు.

"తర్వాత నాకే కావాలనిపించింది వదినా. ఆయన బలవంతమేం లేదు. నొప్పి గూడా సర్దుకున్నట్టే అయింది, హాయిగా నిద్రపట్టింది. పొద్దున లేచి దేవుడి పటం వంక చూళ్లేకపోయా. త్రిపురాంతకం అమ్మవారికి మొక్కుకున్నా. ఇది పాపమంటావా, రోగమంటావా?"

"రెండూ కాదు" అన్నాను.

"ఏ పుస్తకంలో ఉందది?" అంది ఆవిడ వెంటనే.

అక్కడ నాకు నోట మాట రాలేదు. ఆవిడ అడిగింది డాక్టరు పుస్తకాన్ని గురించి కాదు. మన పుస్తకాల్లో, మనం చదివి తలూపే వాటిల్లో, తనలాంటి ఆడమనిషి ఎక్కడైనా ఉందా అని. ఊరి నుంచి వచ్చాక నా బీరువా ముందు కూర్చుని అదే వెతుక్కున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఆ వెతుకులాటే.

ముందు మాటలతోనే మొదలుపెడదాం. ఆడపిల్ల మొదటిసారి ఆ స్థితికి వస్తే మనం 'పుష్పవతి అయింది' అంటాం. చిమ్మిలి దంచుతాం, హారతులిస్తాం, పేరంటం పిలుస్తాం. రెండో నెల వచ్చేసరికి అదే పిల్ల 'బయట చేరింది', 'ముట్టయింది', 'దూరంగా ఉంది'. చిన్నపిల్లలకి చెప్పాల్సొస్తే 'అమ్మని కాకి ముట్టింది'. ఒంట్లో జరిగేది అదే, మనిషి అదే. పువ్వు మాత్రం ఒక్క నెలే పూస్తుంది, తక్కిన ముప్ఫయ్యేళ్లూ మైలే. ఏ మాటకి పేరంటం చెయ్యాలో, ఏ మాటకి గొంతు తగ్గించాలో భాషే మనకి నేర్పి పెట్టింది.

ఇక ధర్మశాస్త్రాలు. మనుస్మృతి నాలుగో అధ్యాయం, ఎంత కోరిక ఉన్నాసరే, రజస్వల అయిన భార్య దగ్గరికి మగవాడు వెళ్లకూడదంటుంది. వెళ్తే అతని తెలివీ, తేజస్సూ, బలమూ, చూపూ, ఆయుష్షూ తరిగిపోతాయిట. చూశారూ, నష్టం లెక్కంతా అతనిదే. ఆవిడకి నొప్పిగా ఉందా, ఆవిడకి ఇష్టం లేదా, అసలు ఆవిడకి ఇష్టం ఉందా అన్న ప్రశ్నే అక్కడ లేదు. నిషేధం ఆవిడ శరీరం మీద, శ్రద్ధేమో అతని ఆరోగ్యం మీద!

ఈ మైల ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కథ కూడా ఒకటుంది. తైత్తిరీయ సంహితలోది. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపి బ్రహ్మహత్య మూటగట్టుకున్నాడు. ఆ పాపాన్ని భూమికి కొంత, చెట్లకి కొంత, స్త్రీలకి కొంత పంచిపెట్టాడు. స్త్రీల వంతుకొచ్చింది ఈ నెలసరి. మా అమ్మమ్మ చెప్పిన కథ ఇక్కడితో ఆగిపోయేది. పెద్దయ్యాక చదివితే తెలిసింది, కథ ఇంకా ఉందని. ఊరికే పాపం ఎవరు పుచ్చుకుంటారు? ముగ్గురూ వరాలడిగారు. భూమి, తనని తవ్విన గొయ్యి ఏడాదిలోగా పూడాలంది. చెట్లు, కొట్టినచోట మళ్లీ చిగురించాలన్నాయి. స్త్రీలు సంతానం అడిగారు, దాంతోపాటు కాన్పయ్యేదాకా కోరినప్పుడు సుఖం ఉండాలని కూడా అడిగారు. భాగవతం ఆరో స్కంధంలో ఇదే కథ మళ్లీ వస్తుంది. తెలుగులో ఆ స్కంధం పోతనగారిది కాదు, ఏర్చూరి సింగన రాసింది. వ్యాసభాగవతంలో స్త్రీల వరం ఎప్పుడూ ఉండే కోరికే.

అంటే శాపమూ సుఖమూ ఒకే బేరంలో వచ్చాయి. మనకి మాత్రం శాపం ఇంటింటికీ అందింది. వరం దగ్గరికొచ్చేసరికి కథ చెప్పే పెద్దలకి దగ్గొచ్చింది!

భారతానికొస్తే ద్రౌపది. సభాపర్వంలో ఆమె రజస్వలగా, ఒంటి మీద ఒక్క వస్త్రంతో ఉండగా దుశ్శాసనుడు జుట్టు పట్టి సభకి ఈడ్చుకొస్తాడు. పదకొండో శతాబ్దిలో నన్నయ తెనిగించిన నాటి నుంచి నిన్నటి నాటకాల దాకా ఆ ఘట్టం చూసి కన్నీళ్లు పెట్టని తెలుగువాడు లేడు. పెట్టుకోవాల్సిందే. అయినా రచయిత్రిగా ఒకమాట అనాలనిపిస్తుంది. ఆమె ఆ స్థితి అక్కడ అవమానాన్ని రెట్టింపు చెయ్యడానికి పనికొచ్చింది. అంత పెద్ద గ్రంథంలో ఆమె ఏ నెలలోనైనా ఒళ్లు నొప్పులుగా ఉండి వెచ్చగా పడుకున్న రోజు మనకి గుర్తుందా? ఆడదాని రక్తం సభలోకి వస్తేనే సాహిత్యం, పడకటింట్లో ఉంటే మైల.

వెతగ్గా వెతగ్గా మా వదినకి చూపించదగ్గ చోటు ఒకటి దొరికింది. అదీ రెండువేల ఏళ్ల నాటిది. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతి. భాష ప్రాకృతమే అయినా అత్త, పొట్ట, పిల్ల లాంటి మన మాటలు అందులో తగులుతూనే ఉంటాయి. తిరుమల రామచంద్రగారు వాటి మీద ఓ పుస్తకమే రాశారు. శ్రీనాథుడు నూనూగు మీసాల వయసులో దాన్ని తెలుగు చేశానని చెప్పుకున్నాడు కూడా, మనకి దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్ని గాథల్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు.

ఆ ఏడొందల గాథల్లో ఒకదాంట్లో మగవాడు బయట చేరిన ఆవిణ్ణి పక్కకొచ్చి పడుకోమని పిలుస్తాడు. లోకం ఏమన్నా అననీ, నిందొస్తే రానీ, నువ్వు లేకపోతే నాకు నిద్ర రావడం లేదంటాడు. అతను ఆమెని పిలిచే మాట 'పూచినదానా' అని. మనం పుష్పవతి అన్న మాటని మొదటి నెలకే దాచేసుకున్నాం, అతను మామూలు నెలకి కూడా వాడాడు. నాకు ఆ గాథలో నచ్చింది శృంగారం కాదు, నిద్ర. అతనడిగింది ముందు పక్కన ఒక మనిషిని.

అయితే విమర్శకి కూర్చున్నాక ముచ్చటపడి ఊరుకోకూడదు. ఆ గాథలో నిద్ర పట్టనిది అతనికి. ఆమెకి పట్టిందా? రమ్మంటే ఆమె ఏమంది? నాలుగడుగుల గాథలో ఆమె మాటకి చోటు లేకపోయింది.

ఆ లోటు ఇంకో గాథ కాస్త తీరుస్తుంది. మొహానికి నెయ్యి రాసుకోవడం ఆ కాలంలో ఆ రోజులకి గుర్తు. గాథలో నెయ్యికి వాడిన మాట 'తుప్ప'. కన్నడంవాళ్లు ఈనాటికీ నెయ్యిని ఆ మాటతోనే పిలుస్తారు. మొహమంతా నెయ్యి పులుముకుని కూర్చున్నావేమిటని ఎవరో కోడల్ని అడుగుతారు. ఆ పిల్ల నడుముకి చుట్టుకున్న చీర ఇంకాస్త సర్దుకుని, సిగ్గుతో తలొంచుకుని నవ్వేస్తుంది. అంతే గాథ. ఆ నవ్వులో అపరాధం లేదు, శాపం లేదు, ముడుపులూ మొక్కులూ లేవు. ఇది నా ఒంటి సంగతి, అడిగినవాళ్లకి తెలియకపోతే వాళ్ల ఖర్మ అన్న చిన్న గర్వం ఉంది. మన సాహిత్యంలో ఆ మూడు రోజుల్లో నవ్విన ఆడది నాకు దొరికింది ఆవిడొక్కతే.

తర్వాత రెండువేల ఏళ్లూ ఏం చేశాం? చలంగారు 1927లో 'మైదానం' రాసి స్త్రీకి కోరికుంటుందని చెప్పారు. ఆయన చూపు ప్రేమ మీదా స్వేచ్ఛ మీదా నిలిచింది, నడుంనొప్పి దాకా రాలేదు. 'ఆంధ్రప్రభ'లో మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' దశాబ్దాలపాటు మన అమ్మల సందేహాలు తీర్చింది. డాక్టర్ సమరంగారు లైంగిక విజ్ఞానాన్ని వంటింటి దాకా తెచ్చారు. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనంలో కవయిత్రులు శరీరం గురించి తలెత్తుకుని రాశారు. నొప్పిని రాశారు, అవమానాన్ని రాశారు, కోపాన్ని రాశారు. అవి రాయకపోతే ఈ వ్యాసం రాసే ధైర్యం నాకుండేది కాదు. సుఖం దగ్గర మాత్రం అందరం కాస్త ఆగాం.

అందరి మాటా ఎందుకు, నా సంగతే చెప్తాను. నా నవలల్లో నాయికలు ప్రేమించారు, పెళ్లాడారు, విడిపోయారు, ఉద్యోగాలు చేశారు. మూడొందల పేజీల్లో పదిహేనేళ్లు కాపరం చేసిన నాయిక కూడా ఒక్క నెల కడుపు నొప్పని పడుకోలేదు. నెల తప్పినప్పుడు మాత్రం ఠంచనుగా వాంతి చేసుకుంది! మా వదిన 'ఏ పుస్తకంలో ఉంది' అన్నప్పుడు నా నోరు పడిపోయింది అందుకే.

ఇప్పుడు అంతా మారిపోయిందంటారు. నిజమే, 2018లో 'పాడ్‌మ్యాన్' సినిమా వచ్చింది, అదే ఏడాది శానిటరీ ప్యాడ్ల మీద జి.ఎస్.టి. తీసేశారు. బళ్లలో శుభ్రత గురించి చెప్తున్నారు. సంతోషం. కానీ మైల పోయి శుభ్రత వచ్చిందిగానీ, సౌఖ్యం ఇంకా రాలేదు. ఎలా దాచుకోవాలో, ఎలా కడుక్కోవాలో చెప్తాం. ఎలా హాయిగా ఉండాలో ఎవరూ చెప్పరు.

డాక్టర్లు చెప్పేది చాలా తేలిక. గర్భసంచి లోపలి పొర రాలేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు పుట్టి కండరాన్ని బిగిస్తాయి. అదే ఆ నొప్పి. వేడి తగిలితే కండరం వదులవుతుంది. 2001లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో పొత్తికడుపు మీద పెట్టుకున్న వేడిపట్టీ ఇబుప్రొఫెన్ మాత్రకి తీసిపోకుండా పనిచేసింది. ఇక సుఖం మాట. ఆ క్షణంలో ఒంట్లో ఎండార్ఫిన్లు విడుదలై కొందరికి నొప్పి తగ్గుతుంది. అందరికీ తగ్గాలని లేదు. మాస్టర్స్, జాన్సన్ అనే పరిశోధకులు 1966లోనే ఈ సంగతి రాశారు. ఇద్దరికీ ఇష్టమైతే అందులో కీడు లేదు. అంటురోగాల భయమూ, గర్భం వచ్చే అవకాశమూ ఆ రోజుల్లో పూర్తిగా పోవు కనుక నిరోధ్ వాడుకోవడం మంచిది. కలిసినప్పుడు నొప్పి పుట్టినా, నెలనెలా మంచం దిగలేకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి. అంతే, దీనికి ముడుపులక్కర్లేదు.

ఇక్కడ ఒక పాఠకురాలు నన్ను నిలదీస్తుందని తెలుసు. "అమ్మా, ఆ మూడు రోజులే నాకు సెలవు. అదీ పోగొడతావా?" అని. ఆ మాట నేను కొట్టెయ్యలేను. నెలలో తక్కిన రోజులు వద్దనే వీలు లేని ఆడదానికి ఆ మైలే తలుపు గడియ. గడియ ఊడబీకే ముందు, వద్దంటే వద్దని వినే మగవాడు ఆ ఇంట్లో ఉండాలి. మా వదిన మాటల్లో నాకు అన్నిటికంటే విలువైంది 'నాకే కావాలనిపించింది' అన్నది. ఆ 'నాకే' లేకపోతే ఈ వ్యాసం మొత్తం దండగ.

ఇంకోటి. ఆ సెలవు కూడా అందరికీ ఎక్కడుంది? మూల ఉన్నవాళ్లకే మూల కూర్చోడం. మా వైపు మిరపకాయలు కోసే కూలి మనిషికి మూడు రోజులు కూర్చుంటే మూడు రోజుల కూలి పోతుంది. గుడ్డ కట్టుకుని ఎండలో వంగి కోస్తుంది. బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు దగ్గర నిలబడాల్సిన చోట ఆ గుడ్డ ఉతుక్కోవడమే గండం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే మన ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది దాకా ఉన్నారు. కారణాలు చాలా ఉంటాయి. కానీ నొప్పి గురించి ముప్ఫయ్యేళ్లు నోరెత్తకుండా, చివరికి సంచే తీసేయించుకునే మనుషులం మనం. మాట్లాడటానికి సిగ్గుపడి, కోయించుకోవడానికి సిగ్గుపడలేదు.

ఇంత వెతికాక మా వదినకి ఫోన్ చేసి రెండు గాథలూ నా మాటల్లో చెప్పాను. నీ సంగతి వ్యాసంలో రాసుకోనా అని కూడా అడిగాను.

"పేరు రాయబాక. ఊరు రాసుకో, ఈ ఊళ్లో నీకు వదినలు నలభై మంది" అంది. ఒక్క క్షణం ఆగి, "ఇంతకీ ఆ నెయ్యి రాసుకున్న కోడలు ఏమన్నదంట?" అని అడిగింది.

"ఏమీ అనలేదు, నవ్విందిట."

ఫోన్లో అవతల కూడా నవ్వే వినిపించింది.