డునెడిన్ గాజు మొన, బల్ల మీది పుస్తకం

డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. తొడ ముందు కండరం బిగిసింది కాబట్టి ఎగిరింది. అదే సమయంలో వెనక కండరం వదులైంది కూడా. లేకపోతే అది కాలిని వెనక్కి లాగి పట్టేది. ‘బిగుసుకో’ అనే కబురు సరే, ‘ఊరుకో’ అనే కబురు వెన్నుపాములో ఎలా అందుతుంది? మెదడు గురించి సొంతంగా చదువుకోవాలనుకునేవారు ఏ పుస్తకం కొనాలని అడిగితే, ఈ ఒక్క ప్రశ్ననే గీటురాయిగా పట్టుకోమంటాను.

ఆ జవాబును మొదట కళ్లారా చూసింది న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో. 1944లో ఒటాగో విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వచ్చిన జాన్ ఎకల్స్, ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురు మోసేది విద్యుత్తేనని గట్టిగా వాదించేవారు. అప్పట్లో క్రైస్ట్‌చర్చ్‌లో పాఠాలు చెబుతున్న తత్వవేత్త కార్ల్ పాపర్, ఆ సిద్ధాంతాన్ని తప్పని తేల్చడానికి వీలయ్యేంతగా పదును పెట్టమని ప్రోత్సహించారు. 1951లో ఎకల్స్, లారెన్స్ బ్రాక్, జాక్ కూంబ్స్ ఆ పరీక్షకు దిగారు.

పనిముట్టు ఒక గాజు గొట్టం. వేడి చేసి సాగదీస్తే దాని మొన మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా సన్నబడుతుంది. లోపల లవణ ద్రావణం నింపితే అదే విద్యుత్తు తీగ. మత్తులో ఉన్న పిల్లి వెన్నుపాములోకి, కంటికి కనిపించని కణం కోసం, దాన్ని కొద్దికొద్దిగా దించాలి. కణం పొర చిరిగిపోకుండా మొన లోపలికి దిగిందంటే, తెర మీది గీత ఒక్కసారిగా 70 మిల్లీవోల్టుల దాకా కిందికి పడుతుంది. కణం లోపల ఉన్నామనడానికి అదే గుర్తు. అప్పుడు ‘ఊరుకో’ కబురు పంపారు. ఎకల్స్ సిద్ధాంతం నిజమైతే గీత పైకి లేవాలి. అది ఇంకాస్త కిందికి దిగింది. కబురు మోసేది రసాయనమేనని, తన పాత వాదం తప్పని ఎకల్స్ ఒప్పుకున్నారు. 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇప్పుడు పుస్తకం సంగతి. మార్క్ బేర్, బారీ కానర్స్, మైకేల్ పారడైసో రాసిన ‘న్యూరోసైన్స్: ఎక్స్‌ప్లోరింగ్ ది బ్రెయిన్’ అల్లిక చూడండి. రెండో అధ్యాయంలో కణాలు, మూడోదాంట్లో విశ్రాంతిలో ఉన్న పొర, నాలుగోదాంట్లో దాని మీద పరుగెత్తే విద్యుత్తు, అయిదోదాంట్లో కణాల మధ్య సందు. ‘ఊరుకో’ దగ్గరికి వచ్చేసరికి అర్థం చేసుకోవడానికి కావలసిన సరంజామా అంతా మీ చేతిలోనే ఉంటుంది. రచయితలు అక్కడితో ఆగరు. ‘ఊరుకో’ కబురుకు పొరలోని క్లోరైడ్ ద్వారాలు తెరుచుకున్నా గీత అసలు కదలని సందర్భం కూడా ఉందని చూపిస్తారు. కదలకపోతే ఆపడం ఎలా? కాలువకు మధ్యలో గండి పడితే ఎగువన వదిలిన నీళ్లు చివరి మడికి చేరవు కదా, అలాగే దూరం నుంచి వచ్చే విద్యుత్తు ఆ ద్వారాల దగ్గరే జారిపోతుంది. ఈ మెలికను దాటవేయని పుస్తకాన్ని నమ్మవచ్చు.

ఏడో అధ్యాయం వెనక మెదడు బొమ్మల భాగం ఉంది. పేర్లు మీరే రాసి చూసుకునేలా పరీక్షలు కూడా అందులోనే ఉన్నాయి. గురువు లేని విద్యార్థికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు.

కాండెల్ బృందం ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ న్యూరల్ సైన్స్’ మహాగ్రంథమే. 2021 నాటి ఆరో కూర్పు 1,600 పేజీలు దాటింది. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి. ఆసక్తి రగలడానికైతే రామచంద్రన్ ‘ఫాంటమ్స్ ఇన్ ది బ్రెయిన్’ చాలు, కానీ అది పాఠ్యపుస్తకం కాదు.

కొనేముందు లైబ్రరీకి వెళ్లండి. వెనక పదసూచికలో ‘ఇన్‌హిబిషన్’ (మన ‘ఊరుకో’) వెతికి, అది ఉన్న పేజీలు చదివి, పుస్తకం మూసి, డునెడిన్‌లో కిందికి దిగిన ఆ గీతను మీ చేత్తో గీయండి. ఎందుకు దిగిందో పక్కన రాయగలిగితే ఆ పుస్తకాన్నే ఇంటికి తెచ్చుకోండి.