తెరమీది పత్రసూచి: స్టైల్‌షీట్ చేసే సంపాదకత్వం

గ్రంథాలయ పట్టికలో ఒక పుస్తకానికి ఒక నమోదు ఉంటుంది. ఆర్కైవులలో అది సాధారణంగా సాధ్యపడదు. ఒక వ్యక్తి నుంచో కార్యాలయం నుంచో వచ్చిన వేలాది కాగితాలను మొదట ఒక సముదాయంగా వర్ణించి, ఆపైన శ్రేణులు, దస్త్రాలు, విడి పత్రాలు అన్న క్రమంలో లోపలికి దిగే వివరణను ఫైండింగ్ ఎయిడ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని పత్రసూచి అని వ్యవహరిస్తున్నాను. పత్రసూచులను ట్యాగులతో సంకేతీకరించే ప్రయత్నం 1993లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేనియల్ పిట్టి నాయకత్వంలో మొదలైంది. 1998లో అది ఎన్‌కోడెడ్ ఆర్కైవల్ డిస్క్రిప్షన్ అన్న ప్రమాణంగా, సంక్షిప్తంగా ఈఏడీగా, స్థిరపడి 2002లోను 2015లోను కొత్త రూపాలు పొందింది.

వివరణ వేరు, దాని రూపం వేరు అన్నది ఈఏడీకి పునాది. ఫైలులో ఏది శీర్షికో, ఏది తేదీయో, ఏది పత్రాల పూర్వచరిత్రో ట్యాగులు చెబుతాయి. అవి తెరమీద ఎక్కడ, ఎలా కనిపించాలో స్టైల్‌షీట్ చెబుతుంది. అందువల్ల స్టైల్‌షీట్ కేవలం అలంకరణ అనీ, పరిశోధకుడు పట్టించుకోనక్కరలేనిదనీ ఒక అభిప్రాయం బలపడింది. ఈ అభిప్రాయం నిలవదని నా వాదన. తెరమీద పాఠకుడికి అందే పాఠాన్ని చివరగా పరిష్కరించేది స్టైల్‌షీటే.

ఈ పనికి విస్తృతంగా వాడిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి భాష 1999 నవంబరులో ప్రమాణమైంది. అందులో రాసే పద్ధతులు స్థూలంగా రెండు. మొదటి పద్ధతిలో ఫైలు నడిచిన దారినే స్టైల్‌షీట్ నడుస్తుంది. తనకు నియమం లేని మూలకం ఎదురైనా దానిలోని పాఠాన్ని ఏదో ఒక రూపంలో బయటపెడుతుంది. రెండవ పద్ధతిలో శీర్షిక ఇక్కడ, తేదీ అక్కడ అని స్టైల్‌షీట్ పేరుపెట్టి పిలుస్తుంది. పిలవనిది రాదు. రాలేదన్న హెచ్చరిక కూడా ఉండదు. మొదటిదానిలో పేజీ వికారంగా తయారై లోపాన్ని తానే బయటపెట్టుకుంటుంది. రెండవదానిలో పేజీ చక్కగా ఉంటుంది, లోపమే కనిపించదు. సంస్థలు సహజంగానే చక్కని పేజీవైపు మొగ్గుతాయి.

మైకేల్ ఫాక్స్ 2000లో రూపొందించిన ఈఏడీ కుక్‌బుక్ చిన్న ఆర్కైవులకు చేసిన మేలు కాదనలేనిది. ప్రోగ్రామింగ్ తెలియని వర్ణనకారుల చేతికి అది సిద్ధమైన స్టైల్‌షీట్లను ఇచ్చింది. అయితే సిద్ధమైన అచ్చును తీసుకున్నవారు దానిలోని ప్రాధాన్యక్రమాన్ని కూడా తీసుకుంటారు. జీవితచరిత్ర ముందు రావాలా, సేకరణ చరిత్ర ముందు రావాలా అన్నది మేధోపరమైన నిర్ణయం. అచ్చు చేతికొచ్చాక అది ఎవరూ తీసుకోని నిర్ణయంగా మిగిలిపోతుంది.

తెలుగు పరిశోధకుడికి ఇది దూరపు చర్చ కాదు. మెకంజీ సేకరణనే తీసుకుందాం. 1821లో కోలిన్ మెకంజీ మరణించిన తరవాత ఆ సేకరణ ఒకచోట నిలవలేదు. కొంత లండన్ చేరింది, దక్షిణాది భాషల ప్రతులు మద్రాసు చేరాయి. హెచ్.హెచ్. విల్సన్ 1828లో కలకత్తాలో ప్రచురించిన సూచి శీర్షికలోనే సేకర్తగా మెకంజీ పేరుంది. క్షేత్రంలో ఆ పనిని నడిపిన కావలి బొఱ్ఱయ్య, 1803లో ఆయన మరణానంతరం బాధ్యత స్వీకరించిన లక్ష్మయ్య, వారి సోదరుడు రామస్వామి ఆ శీర్షికలో లేరు. ఇటువంటి సేకరణను ఈఏడీలో వర్ణించేటప్పుడు వీరి పాత్రను నమోదు చేయడానికి చోటు పుష్కలంగా ఉంది. పత్రాలు చేతులు మారిన చరిత్రకు ఒక మూలకం, వ్యక్తి పేరుకు మరొకటి, ఆ వ్యక్తి సేకర్తా, లేఖకుడా, అనువాదకుడా అని చెప్పడానికి పాత్రసూచక లక్షణం ఉన్నాయి. స్టైల్‌షీట్ పేరును మాత్రమే ముద్రించి పాత్రను వదిలితే మెకంజీ, లక్ష్మయ్య, ఒక అజ్ఞాత లేఖకుడు ఒకే జాబితాలో ఒకే వరసన నిలుస్తారు. వర్ణనకారుడు శ్రమపడి చేసిన వివేచన ఫైలులో భద్రంగానే ఉంటుంది, పాఠకుడికి మాత్రం చేరదు.

అంతస్తుల విషయం ఇంతకంటే చిక్కైనది. పైఅంతస్తులో చెప్పినదాన్ని కింద మళ్లీ చెప్పకూడదన్నది ఐఎస్ఎడి-జి ప్రమాణంలోని నియమం. దత్తమండలాల కైఫీయతుల శ్రేణిలో సిద్ధవటం కైఫీయతు ఒక పత్రమనుకుందాం. అది ఏ జిల్లాది, ఎవరి పర్యవేక్షణలో సేకరించినది, మూలమా నకలా అన్న సంగతులు శ్రేణి స్థాయిలోనే ఉంటాయి. అన్వేషణలో ఆ ఒక్క పత్రాన్ని విడిగా చూపే స్టైల్‌షీట్ పైఅంతస్తుల సమాచారాన్ని వెంట తేకపోతే, పాఠకుడి ముందు ‘కైఫీయతు’ అన్న మాట, ఒక సంఖ్య మాత్రమే మిగులుతాయి. నకలును మూలంగా ఉటంకించే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. పొరపాటు పరిశోధకుడిదిగా కనిపిస్తుంది, కారణం తెరలో ఉంటుంది.

తేదీలతో మరో ఇబ్బంది. పత్రంలో విక్రమ నామ సంవత్సరం అని మాత్రమే ఉందనుకుందాం. ఆ పేరు 1760లోనూ వచ్చింది, 1820లోనూ వచ్చింది. వర్ణనకారుడు తర్కించి 1820 అని నిర్ణయించి, దానిని యంత్రం కోసం ఉద్దేశించిన లక్షణంలో నమోదు చేస్తాడు. వరసక్రమానికి ఆ సంఖ్యను వాడుకోవడం సబబే. మూలంలోని సంవత్సరనామాన్ని తొలగించి ఆ సంఖ్యనే ప్రదర్శిస్తే మాత్రం వర్ణనకారుడి ఊహ పత్రం చెప్పిన మాటగా చెలామణీ అవుతుంది.

అకారాదిక్రమం చిన్న విషయమే అయినా మనకు వెంటనే కనబడుతుంది. యూనికోడ్‌లో ఱ అక్షరం ర పక్కన, ళ అక్షరం ల పక్కన ఉన్నాయి. మన నిఘంటువుల సంప్రదాయంలో ళ స్థానం హ తరవాత. భాషను పేర్కొనకుండా కేవలం సంకేతసంఖ్యలను బట్టి పేర్చే స్టైల్‌షీట్ తెలుగు శీర్షికలను మనం వెతకని చోట పెడుతుంది. 2015 నాటి ఈఏడీ మూలకాలకు భాషనూ లిపినీ విడివిడిగా సూచించే వీలు కల్పించింది. తెలుగు శీర్షికనూ దాని రోమన్ లిప్యంతరీకరణనూ పక్కపక్కన చూపడానికి సాంకేతికమైన అడ్డంకి ఇక లేదు.

తెలుగు రాతప్రతుల సూచులను ఇకపై ఆన్‌లైన్‌లో పెట్టే సంస్థలను మూడు అడగవచ్చు. నియమం లేని ప్రతి మూలకాన్నీ పేజీ అడుగున యథాతథంగా చూపే ఒక నియమం స్టైల్‌షీట్‌లో ఉండాలి. ప్రతి విడి పత్రం పేజీ మీద దాని పైఅంతస్తులు కనిపించాలి. మూల ఈఏడీ ఫైలు పాఠకుడికి అందుబాటులో ఉండాలి. వీటిలో చివరిది అన్నిటికంటే సులువు, చాలామంది మరచేదీ అదే. ఆ ఫైలు దొరికినచోట పరిశోధక విద్యార్థి ఉటంకింపుకు ముందు దానిని తెరిచి, తెరమీది పేజీతో ఒకసారి పోల్చి చూడాలని పర్యవేక్షకులు కోరాలి. ట్యాగుల పేర్లు ఒక మధ్యాహ్నంలో పట్టుబడతాయి. తాళపత్ర పాఠపరిష్కరణ నేర్చినవారికి పాఠాంతరాలు వెతకడం కొత్త కాదు.