గీతకూ గీతకూ మధ్య

కిందటేడు ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, నేనూ మా బావమరిదీ ఒక రాతి అంచు మీద కూర్చుని అటుకులు నమిలాం. ఆకలేసి కాదు. ముందుకు దారి లేదు, వెనక్కి పోవడానికి మనసొప్పలేదు. అలాంటప్పుడు నోటికి ఏదో ఒక పని ఉంటే నయం. బాగా కింద పాలిసేడ్ చెరువు మెరుస్తోంది. ఒడ్డున ఎవరిదో పసుపుపచ్చ టెంటు, దాని పక్కన గిన్నెలు సర్దుకుంటున్న చీమంత మనిషి. ఆ మనిషి ఎంత హాయిగా ఉన్నాడో చూస్తుంటే ఒళ్లు మండింది.

ఇది కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాల తూర్పు వైపున. బిషప్ అనే చిన్న ఊరి మీదుగా సౌత్ లేక్ దాకా కారు పోతుంది. అక్కడి నుంచి చక్కటి బాట ఉంది. 11,972 అడుగుల బిషప్ కనుమ ఎక్కించి, అవతల డ్యూసీ బేసిన్‌లో దింపుతుంది. అక్కడ మేం బాట వదిలేశాం. ఆ తర్వాత న్యాప్‌శాక్, పాట్‌లక్, సర్క్ అని మూడు కనుమలు, మూడూ పదకొండున్నర వేల అడుగుల పైనే. నడుమ చెరువులు. సర్క్ దిగితే జాన్ మ్యూర్ ట్రైల్ తగులుతుంది. దాన్ని పట్టుకుని చుట్టు తిరిగి మళ్లీ బిషప్ కనుమకే రావచ్చు. మొత్తం 40 మైళ్లకు కాస్త తక్కువ, ఆరు రాత్రుల ప్రయాణం. అందులో బాట లేని ముక్క ఎనిమిది మైళ్లు మించదు. ఆ ఎనిమిది మైళ్లకే మూడు రోజులు పట్టింది.

ఈ కనుమలను ఒక వరసలో గుచ్చినవాడు స్టీవ్ రోపర్ అనే పర్వతారోహకుడు. చెట్లు ఆగిపోయే ఎత్తు పట్టుకుని, వీలైనంత మేర బాటలకు దూరంగా, సుమారు 195 మైళ్లు నడిచే తీరును 1982లో ఒక పుస్తకంలో రాశాడు. సియెర్రా క్లబ్ అచ్చేసింది. దానికి 'హై రూట్' అని పేరు పెట్టాడు తప్ప ట్రైల్ అనలేదు. ఆ తేడా నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. ట్రైల్ నేల మీద ఉంటుంది, మనం తల వంచుకుని పోవచ్చు. రూట్ అనేది మనిషి మనిషికీ, ఒకే మనిషికైనా మంచు ఉన్న ఏడాదికీ లేని ఏడాదికీ మారిపోతుంది.

మా చేతిలో ఉన్న మ్యాపులో ఎత్తు గీతలు 40 అడుగులకు ఒకటి. గీతలు ఎడంగా ఉంటే నేల చదును, దగ్గర దగ్గరగా ఉంటే నిటారు. ఇంతవరకు ఎవరైనా అరగంటలో నేర్చుకుంటారు. నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టిన సంగతి ఇంకొకటుంది. 35 అడుగుల రాతి గోడ ఒకటి గీతకూ గీతకూ మధ్య హాయిగా దాక్కోగలదు. మ్యాపు అబద్ధం చెప్పదు, గోడ సంగతి మాత్రం ఎత్తదు. బాట లేని నడకంతా ఆ ఎత్తని సంగతుల్లోనే జరుగుతుంది.

రాతి మీద నడక నాకు కొత్త కాదు. వరంగల్ వైపు మా ఊరి వెనక గుట్ట ఉంది, చిన్నప్పుడు గొర్రెల కాపరుల వెంట దాని మీదే తిరిగేవాళ్లం. పరుపుబండ మీద చెప్పులు విప్పి నడవాలనీ, వాన పడ్డాక నల్లటి చారల మీద కాలు పెట్టొద్దనీ అక్కడే తెలిసింది. ఆ గుట్టా గ్రానైటే, ఈ సియెర్రా కూడా గ్రానైటే. కాకపోతే మన దక్కను రాయి 250 కోట్ల ఏళ్ల ముసలిది. ఎండకూ వానకూ గుండ్రంగా అరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కూర్చుంది. ఇక్కడిది ఎక్కువ భాగం పది కోట్ల ఏళ్లకు అటూ ఇటూ. దాని మీదుగా మంచు ఏరులు పాకి పోయాయి గనుక కొన్నిచోట్ల నున్నటి గచ్చులా ఉంటుంది, కొన్నిచోట్ల విరిగిన ముక్కలు కుప్ప పోసినట్టు. న్యాప్‌శాక్ కనుమ అవతలి పక్క ఆ కుప్పే. ఫ్రిజ్ అంత బండలు, కొన్ని ఆటో అంతవి. ఒక్కోదాని మీద కాలు ఆనించి, బరువు మోపకుండా ఒక్క క్షణం ఆగి, కదలదని తెలిశాక రెండో కాలు. వీపు మీద పదిహేను కిలోల మూటతో గంటన్నర సేపు ఇదే పని. మాటల్లేవు. మా బావమరిది రెండు నిమిషాలకు మించి నోరు మూసుకోవడం పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చూడటం అదే మొదలు.

దిగాక బారెట్ చెరువులు. తలెత్తితే పాలిసేడ్ శిఖరాలు. పాలిసేడ్ అంటే దడి. 14,000 అడుగులు దాటిన రాతి గుంజలు వరసగా పాతినట్టే ఉంటాయి. వాటి కింద మంచు ఏరు ఒకప్పుడు దిగుతూ దిగుతూ, అనువైన చోటల్లా గుంట తవ్వి, గట్టిరాయి తగిలిన చోట మెట్టులా వదిలేసిపోయింది. ఒక్కో గుంటా ఒక చెరువైంది. పైదాని అలుగు కిందిదాన్ని నింపుతుంది. భూగర్భ శాస్త్రంలో ఇలాంటి వరసను క్రైస్తవుల జపమాల పేరుతో పిలుస్తారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు, గొలుసుకట్టు అన్న మాట ఉంది. కాకతీయుల కాలంలో మట్టి తట్టలు మోసి కట్టలు పోసి చేసిన పనిని ఇక్కడ మంచు ఒక్కతే చేసింది. అందుకే కాబోలు, కట్ట లేని ఈ నీళ్లను సరస్సు అనాలని తెలిసీ నా నోరు చెరువనే అంటుంది. చాలావాటికి పేరు కూడా లేదు. మ్యాపులో నీలం మచ్చ పక్కన సముద్ర మట్టం నుంచి ఎత్తు వేసి ఉంటుంది, ఆ అంకే దాని పేరు.

బాట లేదంటే మనిషి చేయి పడలేదని అనుకునేవాణ్ని. బారెట్ చెరువులు ఆ భ్రమ పోగొట్టాయి. ఈ ఎత్తున ఉన్న నీళ్లలో మొదట చేపలే లేవు. పందొమ్మిదో శతాబ్దం నుంచి కంచర గాడిదల మీద డబ్బాల్లో ట్రౌట్ పిల్లలను మోసుకొచ్చి వదిలారు, తర్వాత్తర్వాత విమానాల్లోంచి కూడా గుమ్మరించారు, గాలం వేసేవాళ్ల సరదా కోసం. ఆ చేపలు పసుపుకాళ్ల కప్పల తోకపిల్లలను మింగేశాయి. చేపల్లేని చెరువుల్లో మిగిలిన కప్పల మీద చర్మానికి పట్టే బూజు తెగులు పడింది. చర్మం లవణాలను పీల్చుకోలేక చివరికి గుండె ఆగిపోతుందట. ఆ తెగులు కప్పలను ఎలా తుడిచిపెట్టిందో 2010లో అచ్చయిన ఒక పరిశోధన మూడు బేసిన్లలో లెక్కగట్టి చూపింది. ఆ మూడింట్లో బారెట్ ఒకటి. 2014లో ఈ కప్పలను ప్రభుత్వం అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చింది. సాయంత్రం ఒడ్డమ్మట ఒక గంట వంగి వంగి వెతికాను. ఒక్కటీ కనబడలేదు.

తిండి గురించి చెప్పకపోతే తెలుగువాళ్లు క్షమించరు. ఈ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ మోసుకుపోతే తప్ప కందిపప్పు రాత్రంతా పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. పదివేల అడుగుల పైన చితుకులేరి మంట పెట్టడం ఇక్కడ నిషేధం గనుక చేతిలో ఉన్న చిన్న గ్యాసు డబ్బానే దిక్కు. అందుకని మా సరుకులు అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, కందిపొడి, ఒక బుల్లి సీసాలో నెయ్యి. ఎలుగుబంట్ల భయానికి తిండంతా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీరాలని పార్కు నిబంధన. తిండే కాదు, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చే ప్రతిదీ అందులోకే. మావాడు నాకు చెప్పకుండా ఆవకాయ తెచ్చాడు, అదీ జిప్ కవర్లో. రెండో రోజుకే కవరు చిట్లి నూనె దిగింది. మిగతా రోజులన్నీ మా అటుకులూ ఆవకాయే, టూత్‌పేస్టూ ఆవకాయే. తిట్టాను గానీ, ఐదో రోజు రాత్రి ఆ డబ్బా అడుగు తుడిచి తిన్నది నేనే.

పాట్‌లక్ అన్న పేరు అమెరికా తెలుగు సంఘాల వాళ్లకు వివరించనక్కర్లేదు. ఎవరు ఏం వండుకొస్తారో తెలియని విందు. ఆ కనుమ కూడా అంతే. పడమటి వైపు పరుపుబండల మీద పెళ్లి నడక నడుచుకుంటూ ఎక్కేశాం. తూర్పు వైపు కాలు పెడితే జారే గులకరాళ్లు, మధ్యమధ్య రాతి మెట్లు. మధ్యాహ్నం దాటితే ఉరుములొస్తాయని పొద్దున్నే బయలుదేరడం మంచిదైంది. దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువ సేపు పట్టింది. కొండ కింది నుంచి ఎదురుగా చూస్తే ప్రతి చరియా గోడలాగే భయపెడుతుంది, దగ్గరికి పోతే మెత్తబడుతుంది. దిగేటప్పుడు తిరకాసు ఉల్టా. బండ మన కాళ్ల ముందు నున్నగా, సాధువుగా వంగి కనబడకుండా పోతుంది. ఆ వంపు అవతల మరో మెట్టుందో, గాలే ఉందో పైనున్నవాడికి తెలియదు. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. మళ్లీ ఎక్కలేని చోట దిగొద్దు. పది నిమిషాలకొకసారి వెనక్కి తిరిగి, వచ్చిన దారి వెనక నుంచి ఎలా ఉంటుందో చూసి పెట్టుకోవాలి.

ఆ ఒప్పందాన్ని సర్క్ కనుమ దిగేటప్పుడు తప్పాం. నేనే తప్పాను, పెద్దవాణ్ని గదా. చెరువు కనబడగానే కాళ్లకు తొందర పుట్టింది. దానికి తోడు ఒక అంచు మీద ఎవరో మూడు రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చి పెట్టారు. ఇలాంటి గుర్తులను సియెర్రాలో బాతులు అంటారు. బాట లేని చోట్లు అలాగే ఉండాలని కోరేవాళ్లకు ఈ బాతులంటే మంట. నేనూ ఆ పక్షమే. అయినా ఆ మూడు రాళ్లను చూడగానే అభిప్రాయాలన్నీ మరిచి వాటి వెంట పడ్డాను. ఒకచోట మూటలు విప్పి, ముందు వాటిని కిందికి అందించుకుని, తర్వాత మేం జారి దిగాం. అక్కడే ఆగాల్సింది. అంచు ఇంకో యాభై అడుగులు పోయి, ఇంటి చూరులా ఠక్కున ఆగిపోయింది.

మావాడు ఫోను తీశాడు. ఇదివరకు ఎవరో నడిచిన గీతను అందులో ఎక్కించుకుని వచ్చాడు.

"బావా, దారేం తప్పలేదు. గీత మీదనే ఉన్నం, చూడు" అన్నాడు.

వంగి కిందికి చూశాను. సరిగ్గా మా కింద ఇంకో అంచు, దాని మీద నడిచి అరిగిన జాడ. "అవున్రా. గీతకు ముప్పై అడుగుల మీద."

ఫోను తెర మీద పై అంచూ కింది అంచూ ఒకే చుక్క. పాపం దాని తప్పేం లేదు, మ్యాపులాగే అదీ అడిగినదానికే జవాబు చెప్పింది. అటుకులు అయిపోయాయి. "దుంకితే ఏమైతది బావా?" అని వాడు అడిగిన మాట నవ్వులాటకే అనుకుంటాను. దుంకకుండా వెనక్కి తిరిగాం. జారి దిగిన చోట ఎక్కడానికి వాడి భుజం మీద నేను, నేను పైనుంచి చేయందిస్తే వాడు. నాలుగు నిమిషాల్లో దిగిన దానికి యాభై నిమిషాలు. మోకాలి చిప్ప మీద తోలు లేచింది, ఇంకో నష్టం లేదు. పోతూ పోతూ ఆ మూడు రాళ్లనూ తీసి మూడు దిక్కులా పెట్టాం. పేర్చినవాడు కూడా ఆ చూరు దాకా వెళ్లి అటుకులు తిన్నవాడే అయ్యుంటాడు. తర్వాత ఎడమకు, బాగా ఎడమకు జరిగితే, పిల్లలు కూడా దిగగలిగే గడ్డి మెట్లు.

మర్నాడు బాట. పాలిసేడ్ చెరువుల కింద గోల్డెన్ స్టెయిర్‌కేస్ అనే మెలికల దారి ఉంది. 1915లో మొదలైన జాన్ మ్యూర్ ట్రైల్‌లో 1938లో ఆఖరున పూర్తయిన ముక్క అదే. కొండ గోడకు రాళ్లు పేర్చి, మెట్లు చెక్కి కట్టారు. అంత గొప్ప పనితనం మీద నడుస్తూ మేం ఆఫీసు రాజకీయాలు మాట్లాడుకున్నాం. మధ్యాహ్నానికి ఎక్కడెక్కడ ఏరు దాటామో కూడా గుర్తులేదు. కాళ్లకు పని ఉంది, కళ్లకు సెలవు.

ఆరో సాయంత్రం మళ్లీ డ్యూసీ బేసిన్ ఎక్కాం. మేం మొదటి రాత్రి పడుకున్న చోటుకు దగ్గర్లోనే. పైయూట్ అనే ఇక్కడి ఆదివాసులు నల్లటి అగ్గిరాయి పట్టుకుని అవతలివాళ్లతో సరుకు మార్చుకోవడానికి ఈ కనుమలు దాటేవారు, వీటికి ఇప్పటి పేర్లు రాకముందు. ఎండ వాలుతుంటే నీటికి అవతల న్యాప్‌శాక్ కనుమ ఎర్రబడింది. టీ పెట్టుకుని దానివైపు చూస్తూ కూర్చున్నాం. నాలుగు రోజుల కిందట ఎక్కిందే గదా. ఎడమ పక్క ఆ తెల్లచార పట్టుకునే ఎక్కాం అని నేను చూపించాను. కాదు బావా, ఆ నల్లబండ కింది నుంచి అని వాడు చూపించాడు. చీకటి పడేదాకా వాదించుకున్నాం. రెండు వేళ్లకూ మధ్య కొండలో సగం ఉంది.