గడియారం లేని చార్మినార్

చార్మినార్ పాత ఫొటో చేతికొస్తే ముందు చూడాల్సింది మినార్లను కాదు, కమాన్ల పైభాగాన్ని. అక్కడి నాలుగు గడియారాలు 1889లో బిగించినవి. గడియారం కనబడకపోతే ఆ ఫొటో అంతకు ముందుదే. మూసీ ఒడ్డు ఫొటో అయితే హైకోర్టు గుమ్మటాల కోసం వెతకాలి. ఆ భవనం 1920లో ప్రారంభమైంది, ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనం కూడా 1908 తర్వాత వచ్చిందే. ఈ రెండింటిలో ఏదైనా కనిపిస్తూ కింద ‘1908 వరదలు’ అని రాసి ఉంటే, అది పచ్చి అబద్ధం.

ఫొటోను, పటాన్ని, శాసనాన్ని పక్కపక్కన పెట్టి ఒకదానికి ఒకటి సాక్ష్యం పలికేలా చెయ్యడం గొప్ప విద్య. ఒకప్పుడు ఈ విద్య పట్టుబడాలంటే తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి ఏళ్ల తరబడి తిరగాలి, అనుమతుల కోసం పడిగాపులు పడాలి. ఇవాళ హైదరాబాద్ చరిత్రకు మూలాధారాలైన ఎన్నో పుస్తకాలు, పటాలు, ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

వాటిలో మకుటాయమానం మన్ పటాలు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తింది. ఆ దెబ్బకు నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దాల్సి వచ్చింది. అందుకోసం లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 దాకా ఊరంతా కొలిచారు. ఎంత ఓపిక, ఎంత పనితనం! ఇల్లిల్లూ, ప్రహరీ గోడ, బావి, గుడి, మసీదు, మలుపు తిరిగి ఆగిపోయే సందు, దేన్నీ వదల్లేదు. నవాబుల భవంతులైన దేవిడీల లోపలి వాకిళ్లు సైతం ఆ కాగితాల మీదికి ఎక్కాయి. చెయ్యి తిరిగిన ఆ డ్రాఫ్ట్స్‌మన్ల గీతల ముందు నేటి ఫోను మ్యాపులు వెలవెలబోతాయని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్ అర్బన్ ల్యాబ్ వాళ్లు ఈ పటాలను ఇప్పటి నగరం మీద పరిచి చూసే వీలు కల్పించారు. ఆ పని వెనక ఉన్న నేర్పు తెలిస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పాత పటంలోనూ నేటి ఉపగ్రహ చిత్రంలోనూ కదలకుండా ఉన్న గుర్తులు ముందు ఎంచుకోవాలి. చార్మినార్ ఒక మూల, పురానాపూల్ కమాను, బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడ లాంటివన్నమాట. ఆ గుర్తులను ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే మిగతా కాగితం కాస్త సాగి, కాస్త ముడుచుకుని తన చోటికి వస్తుంది. గుర్తులు తక్కువైనా, అన్నీ ఒకే వైపు ఉన్నా అవతలి బస్తీలు పక్కకు జరిగిపోతాయి. పని సరిగ్గా కుదిరితే మాత్రం, రోడ్డు వెడల్పులో పోయిన ఇల్లు ఎక్కడ ఉండేదో, పూడ్చేసిన బావి ఇప్పుడు ఏ దుకాణం కింద ఉందో వేలు పెట్టి చూపించవచ్చు.

పటం చోటు చెబుతుంది. కాలం చెప్పేది శాసనం. దానికి సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో వెలువరించిన ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్’ చూడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. కట్టడం దగ్గరికి వెళ్లి, రాతి మీది పర్షియన్, అరబీ అక్షరాలు ఎత్తి రాసి, అర్థం చెప్పి మరీ ముందుకు కదిలిన మహానుభావుడాయన. కార్వాన్‌లోని టోలీ మసీదునే తీసుకోండి. మక్కా మసీదు పనులు చూసిన మూసాఖాన్, ఖర్చయిన రూపాయికి ఒక దమ్‌డీ చొప్పున తనకొచ్చిన సొమ్ముతో దాన్ని కట్టించాడని జనం చెప్పుకుంటారు. నిర్మాణ కాలం హిజ్రీ 1082. క్రీస్తు శకంలోకి మార్చాలంటే, దాన్ని 33తో భాగిస్తే సుమారు 33 వస్తుంది. 1082లోంచి ఆ 33 తీసేస్తే 1049. దానికి 622 కలిపితే 1671. అంతే లెక్క! నిజాం సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి, దరిదాపుల్లోకి వచ్చేస్తారు.

రాజా దీన్‌దయాళ్ ఫొటోల గురించి వేరే చెప్పాలా? ఆరో నిజాం కొలువులో ఆయన తీసిన నగర దృశ్యాలు దేశవిదేశాల సంగ్రహాలయాల సైట్లలో ఉన్నాయి. ఆ వెలుగునీడల పొందిక మరొకరికి చేతకాలేదు.

తెలుగు ఆధారాలంటే నాకు మరింత ప్రాణం. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ఈ నగరంలో తెలుగువాడి గొంతు. ప్రెస్ అకాడమీ పూనుకుని పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి పుణ్యం కట్టుకుంది. అయితే పాత స్కాన్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చిత్తం వచ్చినట్టు ఉంటాయి. గోలకొండను ‘సి’తో ఒకసారి, ‘కె’తో ఒకసారి, మధ్యలో ‘ఎ’ చేర్చి మరోసారి వెతకాల్సిందే. ఉర్దూ వచ్చినవారికి రేఖ్తా సైటులో మరో గని ఉంది. ఒక్క భాషలో చదివి ఈ ఊరి చరిత్ర తెలిసిందనుకోవడం తగదు.

ఇన్నింటినీ కలిపి చదివిన ఘనుడు ఒమర్ ఖాలిదీ. ఇక్కడి బిడ్డ. అమెరికాలోని ఎం.ఐ.టి.లో గ్రంథపాలకుడిగా ఉంటూ హైదరాబాద్ కట్టడాలకు ఒక కరదీపిక రాసి, ఎవరైనా చదువుకునేలా ఆన్‌లైన్‌లో ఉంచారు. 2010లో కన్నుమూశారు. విద్వత్తును దాచుకోకుండా పంచిపెట్టడమంటే అదీ.

ఇంతటివారి కష్టాన్ని ఇవాళ ఏం చేస్తున్నారు? ఫొటో కింద ఉన్న తేదీ, సంగ్రహాలయం పేరు కత్తిరించి పారేస్తున్నారు. ఆ చోట తమ ఛానల్ ముద్ర కొడుతున్నారు. నలుపు తెలుపు చిత్రానికి కంప్యూటర్ చేత రంగులు పులిమించి ‘అరుదైన ఫొటో’ అని వాట్సాప్‌లో వదులుతున్నారు. ఆ నాటి గోడ రంగు ఏమిటో యంత్రానికెలా తెలుసు? పెళ్లిలో చుట్టాల వరస తప్పు చెబితే ఊరుకోని మనం ఊరి చరిత్రకు వరస మార్చేస్తుంటే ‘సూపర్’ అని ముందుకు పంపుతున్నాం. ఆధారం చెరిపేసినవాడు ఫొటోను దొంగిలించడమే కాదు, దాని నోరు కూడా నొక్కేస్తున్నాడు.

పైగా ఈ సంపద శాశ్వతమని ధీమాగా కూర్చోవడానికి లేదు. వేలాది తెలుగు పుస్తకాలున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడింది. ఎవరో ముందుచూపుతో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి ఆ పుస్తకాలు దక్కాయి. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ అంతటి సంస్థ ఆన్‌లైన్ సేవలే నెలల తరబడి స్తంభించాయి. ఒక్కచోటే ఉన్న ప్రతి గాలిలో దీపం.

ఇదంతా తీరికవేళ కాలక్షేపం అనుకునేవారు ఇర్రమ్ మంజిల్ అనే పాత భవంతి సంగతి గుర్తు చేసుకోవాలి. దాన్ని పడగొట్టి శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కట్టడం విలువ ఏమిటో నలుగురికీ తెలిసి ఉంటేనే దాని పక్షాన నిలబడే మనుషులుంటారు. ఏ రికార్డూ లేని దేవిడీని రాత్రికి రాత్రి కూల్చేస్తే అడిగే దిక్కుండదు.

అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రభుత్వాలు తమ భాండాగారాల్లోని పత్రాలను స్కాన్ చేసి, తెలుగులో సూచికలతో, ఏ రుసుమూ లేకుండా ప్రజల ముందు పెట్టాలి. పాఠశాలల్లో పిల్లల చేత తమ బస్తీ పాత పటం వెతికించాలి. ఇళ్లలో పాత ఫొటోలున్నవారు వెనక ఉన్న రాతను కూడా స్కాన్ చెయ్యాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో తెలిసినంతవరకు రాసి, రెండు మూడు చోట్ల భద్రపరచాలి. ఇక మీ ఫోనులోకి ఆధారం లేని ‘పాత హైదరాబాద్’ ఫొటో వచ్చినప్పుడు దాన్ని ముందుకు పంపకండి. పంపినవారిని ఎక్కడిదని అడగండి. జవాబు రాకపోతే అక్కడితో ఆపెయ్యండి.