వంత లేని పాట

గద్దర్ చివరి ఏళ్ల పాట నాకు నచ్చలేదు. మనిషి పోయాక ఈ మాట అనడం మర్యాద కాదంటారు మిత్రులు. ఉన్నప్పుడు అంటే, అనడానికి నువ్వెవడివని అడిగిందీ వాళ్లే.

సూటూ బూటూ, గుళ్ల చుట్టూ తిరగడం, 2018లో జీవితంలో మొదటిసారి వేసిన ఓటు... వీటి మీద జరగాల్సిన రచ్చ ఎప్పుడో జరిగిపోయింది. 1997 ఏప్రిల్ 6న దిగిన తూటాల్లో ఒకటి ఒంట్లోనే ఉండిపోగా, దాన్ని మోస్తూ ఇరవై ఆరేళ్లు పాడినవాడు తనకు నచ్చిన దారిన పోతాడు. నా పేచీ పాట పనితనంతోనే.

అయిదేళ్ల అజ్ఞాతవాసం నుంచి 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. మే నెలలో మన వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభలు. జనం లక్షల్లో వచ్చారు. ఎన్ని లక్షలన్న దగ్గర హన్మకొండ చాయ్ హోటళ్లలో ఇవాళ్టికీ ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు. ఆ రోజుల్లో గోచీ, గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర అందరూ చూశారు. పాట ఎట్లా నడిచేదో గమనించినవాళ్లు తక్కువ. ఒక చరణం విసిరేవాడు. తన దళం, జననాట్యమండలి వాళ్లు అందుకునేవారు. రెండోసారికి ముందు వరుసలు, మూడోసారికి చివరన చెట్టెక్కి కూర్చున్నవాళ్లు. మధ్యలో పాట ఆపి ముచ్చట పెట్టేవాడు, ఎకసెక్కం ఆడేవాడు, ఎవరినో నిలదీసేవాడు. డప్పు మళ్లీ రేగేసరికి పల్లవి పాడుతున్నది ఆయన కాదు, జనం. పాట ఎంతసేపన్నది కూడా వాళ్లే తేల్చేవారు.

ఇది ఆయన కనిపెట్టిన విద్య కాదు. సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు వెళ్లి ఒగ్గు కథ దగ్గర కూర్చోండి, తెలుస్తుంది. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య అంతటి కథకుడికైనా పక్కన వంత అందుకోకపోతే కథ అడుగు పడేది కాదు. బుర్రకథ, వీధి భాగోతాలతో పాటు ఈ కిటుకునూ జననాట్యమండలి తీసుకుంది. అందుకే ఆ పాటలు నోటికొచ్చాయి.

చివరి ఏళ్లలో నేను చూసిన సభల్లో దళం లేదు. రెండు ఉపన్యాసాల నడుమ పాటకు కాస్త సందు. ఆయన ఒక్కడే మైకు ముందు. పల్లవి విసిరి చెయ్యి చాచి ఆగేవాడు, పాత అలవాటు. జనం చేతులూ పైకి లేచేవి, ఫోన్లతో. అక్కడ పాట తెగేది. గొంతు బొంగురుపోయిందని కొందరన్నారు. ఆ గొంతు ఎప్పుడు నున్నగా ఉంది కనుక? 2023 జులైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని ఆయన ముద్దాడిన ఫొటో అందరికీ గుర్తుంది. ఆ ఏడాది ఆయన కట్టిన పాట ఏదంటే చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు. నెల తిరగ్గానే, ఆగస్టు 6న పోయాడు.

అమెరికాలో ఇగ్గీ పాప్ అనే పాటగాడిది ఇట్లాంటి కథే. పంక్ సంగీతానికి తాతలాంటి స్టూజెస్ బృందం ఆయనది. 1974లో డెట్రాయిట్ కచేరీలో జనం ఆయన మీదికి గుడ్లు, సీసాలు విసిరారు. ఆయన తిట్టాడు, వాళ్లు తిట్టారు, పాట నడిచింది. బృందం విడిపోయింది. పాత మిత్రులు మళ్లీ కలిశాక, 2007లో ‘ది వియర్డ్‌నెస్’ అనే రికార్డు తెచ్చారు. అదే గిటార్, అవే డ్రమ్స్, రాక్ చప్పుడుకేం తక్కువ లేదు. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. నేనూ విన్నాను. ఎదుట తిట్టేవాడు ఒక్కడూ లేడని ప్రతి పాటలో తెలిసిపోతుంది.

అలాగని స్టూడియోను తప్పుపట్టను. 2011లో ‘జై బోలో తెలంగాణ’ సినిమా కోసం మన మహబూబాబాద్ వైపు చక్రి సంగీతంలో ఆయన పాడిన పొద్దు పాట స్టూడియోలోనే తయారైంది. అయినా దానికి బయట వంత కాచుకుని ఉంది. ధూంధాంలలో, ధర్నా శిబిరాల్లో, బడి పిల్లల నోళ్లలో అది ఊరూరా పూర్తయింది. రాష్ట్రం వచ్చాక ఆయనకు దక్కింది గౌరవం. శాలువా కప్పినవాళ్లు వంత పాడరు. చివరి పాటలు చప్పగా ఉండటంలో సగం వాటా వినేవాళ్లం మనదే.

‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు నంది ఇస్తే వద్దన్న మనిషి పేరు మీద 2025 జూన్ నుంచి ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. ఇవ్వనీ. నా విన్నపం వరంగల్‌లో ఆగస్టు 6న సభలు పెట్టేవాళ్లకు. పెద్ద స్పీకర్లలో ఆయన రికార్డులు మోగించి దండలేసి పంపకండి. ఒక డప్పు తెప్పించండి, వంతకు నలుగురు పిల్లల్ని నిలబెట్టండి. ఉపన్యాసాలు తగ్గించి, పల్లవి జనానికి వదిలేయండి.